ఆగిపోయిన కారుని రాడ్ కట్టి గుంజుకపోవుడు ఎట్లా (పానం మీదికి తెచ్చుకోకుండ)

మొన్న మా గల్లీల ఒకాయన వచ్చి అన్నా నీ దగ్గర టోయింగ్ రాడ్ ఉంటది కదా జర ఇస్తవా, మా బామ్మర్ది కారు పరకాల రోడ్డుల గుడెప్పాడ్ దాటినంక ఆగిపోయింది అన్నడు. ఇచ్చిన. కానీ ఇచ్చేముందు అరగంట క్లాస్ పీకిన, ఆయన మొఖం చూస్తే రాడ్ అడిగి తప్పు జేసిన్నా అన్నట్టుంది. ఆ అరగంట ఏం చెప్పిన్నో అదే ఇక్కడ రాస్తున్న, ఇంకోసారి ఎవరన్నా అడిగితే ఇది పంపిస్తే అయిపోతది.

ముందుగాల తాడు కథ చెప్పాలె, ఎందుకంటే నేను రాడ్ కొన్నదే దానివల్ల. మూణ్ణాలుగేండ్ల కింద లక్నవరం పోయి వస్తుంటే చల్వాయి దగ్గర నా కారు క్లచ్ పోయింది, ఎంత తొక్కినా గేర్ పడతలేదు. ఎనక దోస్తు బొలెరో ఉండె, వాని బండిల నైలాన్ తాడు ఉండె, ఇంకేంది కట్టేసినం. ములుగు దాకా మంచిగనే వచ్చినం. ములుగు దాటినంక గట్టమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టనీకి ఆగిన బండ్లు రోడ్డు సగందాకా ఉన్నయి, వాడు బ్రేకేసిండు, తాడు సల్లబడి కిందపడి నా ముంగటి చక్రం కిందికి పోయింది, నేను బ్రేకు తొక్కితే పెడల్ కదలదే, బండరాయి మీద కాలు పెట్టినట్టు ఉంది. పోయి వాని బొలెరో ఎనక మెట్టుకు గుద్దిన. గ్రిల్ పగిలింది, బానెట్ మూతి వంగింది. మనుషులకు ఏం కాలేదు, గట్టమ్మ తల్లి దయ అనుకున్నం. వాడు దిగి కొబ్బరికాయ కొట్టిండు, నేను బంపర్ ముక్కలు ఏరుకున్న.

ఇంటికొచ్చినంక మెకానిక్ ఒకటే మాటన్నడు: నీ ఇంజన్ మంచిగనే ఉంది కదా సార్, పోయింది క్లచ్చు, న్యూట్రల్ల ఇంజన్ ఆన్ పెట్టుకొని కూసుంటే బ్రేకు, స్టీరింగు రెండూ మామూలుగనే పనిచేస్తుండె. అంతే. ఆ ముచ్చట మా నలుగుర్ల ఒక్కనికి తట్టలే.

సంగతేందంటే కార్ల బ్రేకు మన కాలు బలంతోని పడుతలేదు, ఇంజన్ తిరుగుతుంటే వచ్చే వాక్యూమ్ సాయం చేస్తది. ఇంజన్ బందైతే బ్రేకు బూస్టర్‌ల (ఆ వాక్యూమ్ నిలువ ఉండే డబ్బా) మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే అయిపోతది, ఆ తర్వాత రెండు కాళ్ళు పెట్టి తొక్కినట్టు తొక్కాలె. నమ్మకపోతే ఇయ్యాలనే ఇంటి ముంగట, సాపుగ ఉన్న జాగల, హ్యాండ్ బ్రేక్ వేసి ఇంజన్ బందుపెట్టి బ్రేకు మూడు నాలుగుసార్లు తొక్కి చూడుండ్రి. మొదటి తొక్కుకి మెత్తగ పోతది, రెండోదానికి సగం పోతది, తర్వాత పెడల్ గోడ అయిపోతది. అది ఒక్కసారి కాలికి తెలిస్తే రోడ్డు మీద భయపడరు. స్టీరింగ్ కూడ అంతే, పవర్ పోతే మూరెడు తిప్పనీకి రెండు చేతులు గుంజాలె, అందుల నెమ్మదిగ పోతుంటే ఇంకా బరువు.

మా చిన్నబావ టెక్సాస్‌ల ఉంటడు, వాళ్ళు లీవులల్ల మోటర్‌హోం కిరాయికి తీసుకొని ఎనక కారు కట్టుకొని తిరుగుతరు. ఇల్లసొంటి బస్సు ఒకకాడ పెట్టుకొని ఊరు తిరగనీకి ఆ కారు వాడుతరన్నట్టు. వాళ్ళ సిస్టం ఏందంటే కారు ముంగట బంపర్ లోపల చాసిస్‌కి ఒక బేస్‌ప్లేట్ బిగించి ఉంటది, దానికి త్రిభుజం లెక్క ఉండే టో బార్ తగిలిస్తరు, కింద రెండు సేఫ్టీ చైన్లు అడ్డంగ కత్తెర వేసి కడుతరు, కారు ఎనక లైట్లకు వైరు ఇస్తరు. ఇవన్నీ ఒకెత్తు. ఎనక కార్ల ఎవ్వరూ కూసోరు, అందుకని డ్రైవర్ సీటు ముంగట ఒక మిషన్ పెడుతరు, ముంగటి బండి బ్రేకేస్తే అది కారు పెడల్ తొక్కుతది, ఒకవేళ బార్ ఊడిపోతే దానంతట అదే బ్రేకేసేటందుకు ఇంకో స్విచ్చు ఉంటది. వీడియో కాల్‌ల చూపిస్తే నేననుకున్న, అయ్యో గట్టమ్మ కాడ ఆ మిషన్ పనే నేను చెయ్యాల్సింది, చెయ్యలే. గుంజుడు ఏ బండైనా గుంజుతది, ట్రాక్టర్ గుంజుతది, ఎడ్లు గుంజుతయి. ఆపుడు ఎట్లా అన్నదే మొత్తం పని, అది ఎనక కూసున్నోని చేతుల, కాలుల ఉంటది. మనోళ్ళు ఏం జేస్తరు, మంచి డ్రైవర్ని ముంగట బండ్ల కూసోబెట్టి, నిన్నగాక మొన్న లైసెన్స్ వచ్చిన పోరన్ని ఎనక కూసోబెడుతరు. ఉల్టా చెయ్యాలె. అనుభవం ఉన్నోడు ఎనక.

సరే, ఇగ అసలు పని. రాడ్ బయటికి తియ్యకముందు ఒక ప్రశ్న, ఈ కారుని చక్రాల మీద గుంజొచ్చా గుంజొద్దా. క్లచ్ పోయింది, ఇంజన్ పోయింది, ఫ్యూయల్ పంపు పోయింది, బెల్టు తెగింది అంటే మాన్యువల్ గేర్ బండిని గుంజొచ్చు. బ్రేకు పోయినా, బ్రేకాయిల్ కారుతున్నా, స్టీరింగ్ లూజైనా, ముంగటి చక్రం వంకరపోయినా, చక్రం కాడ గరగర సప్పుడొస్తున్నా గుంజొద్దు, వెయ్యి రూపాయలకు చూసుకుంటే లక్షకు వస్తది. ఆటోమేటిక్ గేర్ బండ్లు కూడ గుంజొద్దు, ఎందుకంటే లోపల గేరాయిల్ తిప్పే పంపు ఇంజన్‌తోనే తిరుగుతది, ఇంజన్ బందుండి చక్రాలు తిరిగితే లోపల ఆయిల్ లేకుండ రాపిడి అయి గేర్‌బాక్స్ మొత్తం కాలిపోతది. కొన్ని కంపెనీలు న్యూట్రల్ పెట్టి ఇంత స్పీడుల ఇన్ని కిలోమీటర్లు గుంజొచ్చు అని మాన్యువల్‌ల రాస్తయి, కొన్ని అస్సలే వద్దంటయి, ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు డబ్బాల ఉంటది, ఎవ్వరం చదవం, ఆ ఒక్క పేజీ అన్నా చదువుండ్రి. ఏఎంటీ బండ్లు (క్లచ్ పెడల్ లేకుండ గేర్లు వాటంతట అవే మారేటివి) లోపల మాన్యువల్ గేర్‌బాక్సే గానీ బ్యాటరీ చచ్చిపోయినప్పుడు గేర్ల ఇరుక్కుంటే న్యూట్రల్‌కి రాదు, అదొక లొల్లి. నాలుగు చక్రాలకు పవర్ పోయే బండ్లు, కరెంటు కార్లు అయితే చర్చే లేదు, ఫ్లాట్‌బెడ్ (కారుని మొత్తం పైకెక్కించుకొని పోయే బండి) మీదికి ఎక్కించుడే. కరెంటు కార్ల మోటరు చక్రాలతోని కలిసే ఉంటది, చక్రం తిరిగితే అది కరెంటు పుట్టిస్తది, ఎక్కడ ఏం కాలుతదో చెప్పలేం.

ఇంకోటి, చానామందికి ఇన్సూరెన్స్‌ల రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటది, పైసలు కట్టినట్టు కూడ తెల్వదు. పాలసీ కాగితం తీసి ఆ నంబర్ ఫోన్ల సేవ్ చేసుకోండ్రి. నేషనల్ హైవే మీద ఆగితే 1033 కి కొట్టుండ్రి. మన హైదరాబాద్, వరంగల్, ములుగు, ఏటూరునాగారం పోయే రోడ్డు 163 నంబర్ నేషనల్ హైవేనే. ఫ్లాట్‌బెడ్ దొరికితే రాడ్ ముచ్చటే వద్దు, రాడ్ అన్నది దొరకనప్పుడే.

ఇప్పుడు సామాను. రాడ్ కొనేటప్పుడు దాని మీద ఎన్ని కిలోల వరకు అని స్టిక్కర్ ఉంటది, చిన్న కార్లు 800 నుంచి 1000 కిలోలు ఉంటయి, పెద్దయి 1500 దాటుతయి, సామానుతోని ఇంకా ఎక్కువ, అందుకే ఉన్నదానికంటె పైది తీసుకోండ్రి. రాడ్ బలముండి దానికి తగిలించే షాకిల్ (పిన్ను పెట్టి బిగించే U లెక్క ఉండే ఇనుప కొక్కెం) సన్నగుంటే లాభం లేదు, మొత్తంల ఏది తక్కువ మోస్తదో అదే మన లెక్క. వెల్డింగ్ షాపుల నీళ్ళ పైపు కోసి రెండు దిక్కుల కొక్కేలు అతికించి ఇస్తడు సస్తల, తీసుకోకుండ్రి, ఆ అతుకు ఎప్పుడు ఇడుస్తదో ఆ వెల్డర్‌కే తెల్వదు. పిన్నులకు అడ్డం పెట్టే క్లిప్పులు నాలుగు ఎక్కువ ఉంచుకోండ్రి, చిన్నయి, పడిపోతయి. ఒక చైను లేకపోతె గట్టి తాడు, రెండు చెక్క ముక్కలు చక్రాల కింద పెట్టనీకి, ఒక టార్చ్, ఒక రేడియం స్టిక్కర్ ఉన్న ట్రయాంగిల్.

కార్ల టో హుక్ ఏడుంటది అంటే డిక్కీల స్టెప్నీ దగ్గర జాకీతోని ఉంటది, కన్ను లెక్క గుండ్రంగ ఉండే మరబోల్టు. ముంగటి బంపర్‌ల ఒక మూలకు చిన్న ప్లాస్టిక్ మూత ఉంటది, స్క్రూడ్రైవర్ కొసకి బట్ట చుట్టి మెల్లగ లేపాలె, లేకపోతె పెయింట్ పోతది. లోపల మర కనిపిస్తది. ముందు చేతితోనే తిప్పండ్రి, మామూలుగ తిప్పితే పడతలేదంటే ఎడమకు తిప్పి చూడుండ్రి, యూరప్ కంపెనీల కార్లల్ల చానావాటికి ఉల్టా మర ఉంటది, బలవంతంగ బిగిస్తే మర పాడైతది. హుక్కు చివరిదాకా పోవాలె, మెడ దాకా తాకాలె, తర్వాత ఆ కన్నుల వీల్ పానా దూర్చి ఇంకింత బిగించాలె. సగం మర బయట కనిపిస్తుంటే గుంజంగనే వంగుతది, లేకపోతె తెగి ముంగటి బండి అద్దంల కూసుంటది, నేను అతిశయోక్తి చెప్తలేను. బంపర్ కింద కొన్ని బండ్లకు చిన్న సన్నటి కొక్కేలు కనిపిస్తయి, అవి కార్లని లారీల మీద కట్టి తెచ్చేటప్పుడు కిందికి బిగించనీకి, గుంజనీకి కాదు.

ముంగటి బండి ఎనక కారుకంటె బరువుండాలె, కనీసం సమానం. ఆల్టో తోని ఇన్నోవాని గుంజుడు చూసిన నేను హంటర్ రోడ్డు మీద, ఆల్టో గుంజుతలేదు, ఇన్నోవానే దాన్ని తోలుకపోతున్నది. రాడ్‌ని టో హుక్కుకి గానీ చాసిస్‌కి గానీ తగిలించాలె, బంపర్‌కి కాదు, స్టెప్నీ స్టాండ్‌కి కాదు, సోకు కోసం పెట్టించిన స్టీలు గార్డుకి అస్సలే కాదు. రెండు దిక్కుల ఎత్తు ఇంచుమించు ఒక్కటుండాలె, రాడ్ నేలకు సమానంగ కనిపించాలె. ట్రాక్టర్ కొక్కెం ఎత్తుల ఉంటది, కారు హుక్కు కిందుంటది, ఏటవాలు అయితది, బ్రేకేస్తే కారు మూతి కిందికి దూరనీకి చూస్తది. ఊర్ల నుంచి మెయిన్ రోడ్డు దాకా అంటే ఏమో గానీ అంతకంటె ఎక్కువ దూరం ట్రాక్టర్‌తోని నేనైతే పోను.

రాడ్ తగిలించినంక చైనుని జర లూజుగ, నేలకు తాకకుండ, రాడ్ ఊడినా పట్టుకునేటట్టు కట్టండ్రి. క్లిప్పులు అన్నీ పెట్టిండ్రా అని ఒకడు చూసినంక ఇంకోడు చెయ్యి పెట్టి తడిమి చూడాలె, కంటితోని కాదు చేతితోని. మధ్యల మనిషి ఉన్నంతసేపు రెండు బండ్ల ఇంజన్లు బందు, తాళాలు రాడ్ కట్టేటోని జేబుల. ఇది ఒక్కటి నేను ఎవ్వరి మాటా వినను.

ఎనక కార్ల కూసునేటోడు ఒక్కడే, లైసెన్స్ ఉన్నోడు, బెల్టు పెట్టుకొని. పిల్లలు, ముసలోళ్ళు, మేడారం నుంచి వస్తుంటే ఉన్న బంగారం (బెల్లం) బుట్టలు, కోళ్ళ గంప, అన్నీ ముంగటి బండ్లకి. తాళం ఆన్‌ల ఉండాలె, ఇంజన్ నడుస్తదంటే నడిపించాలె, నడవకపోయినా తాళం తిప్పి స్టీరింగ్ లాక్ ఇడిసిందా అని రెండు దిక్కుల తిప్పి చూడాలె. తాళం తీసి జేబుల పెట్టుకుంటే మొదటి మలుపుల స్టీరింగ్ లాక్ అయితది, ఆ తర్వాత దేవుడే. బటన్ స్టార్ట్ బండ్లల్ల బ్యాటరీ చచ్చిపోతే లాక్ ఇడవదు, అప్పుడు గుంజుడు బందు. గేర్ న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ కిందికి, నాలుగు ఇండికేటర్లు ఆన్. ఒక్కటి గుర్తుంచుకోండ్రి, నాలుగు ఇండికేటర్లు కొట్టుకుంటుంటే చానా బండ్లల్ల మలుపు ఇండికేటర్ పని చెయ్యదు, కాబట్టి చెయ్యి బయట పెట్టాలె. అద్దాలు దించుకోండ్రి, ఏసీ ఎట్లాగూ ఉండదు, సప్పుళ్ళు కూడ వినిపిస్తయి.

రూల్ ముచ్చట కూడ చెప్త. 1989ల వచ్చిన రోడ్డు రెగ్యులేషన్స్‌ల ఇది మొత్తం రాసి ఉండె (2017ల వాటి జాగల కొత్త డ్రైవింగ్ రెగ్యులేషన్స్ వచ్చినయి, ఇప్పటి లెక్కలు అండ్ల చూసుకోండ్రి), చెడిపోయిన బండిని దగ్గర్ల ఉన్న గ్యారేజి దాకా గుంజొచ్చు, రెండు బండ్ల మధ్యల 5 మీటర్లకంటె ఎక్కువ ఉండొద్దు, స్పీడు గంటకు 24 కిలోమీటర్లు దాటొద్దు, గుంజబడే బండి ఎనక తెల్ల అట్ట మీద నల్ల అక్షరాలతోని, 75 మిల్లీమీటర్ల ఎత్తుకు తక్కువ కాకుండ, ఆన్ టో అని ఇంగ్లీషుల రాసి పెట్టాలె అని. మనోళ్ళు ఎవ్వరు పెడుతరు. నేనైతే పాత ఫ్లెక్సీ ఎనక దిక్కు తెల్లగుంటది కదా, అది కోసి మార్కర్‌తోని రాసి డిక్కీల పెట్టుకున్న, ముంగటి దిక్కు ఇంకా ఎవలదో బర్త్‌డే ఫోటో ఉన్నది.

బయలుదేరకముందు ఇద్దరు మాట్లాడుకోవాలె. ఫోన్ స్పీకర్‌ల పెట్టుకుంటరు సరే, తాడ్వాయి అడవుల సిగ్నల్ పోతది, అప్పుడేం చేస్తరు. మేము పెట్టుకున్నది ఏందంటే ఒక హారన్ అంటే స్లో చెయ్, రెండు అంటే ఆపు, ఆపకుండ కొడుతుంటే ఏదో ఊడింది అన్నట్టు. హారన్ పనిచేస్తుందా చూసుకొని మరీ.

కదిలేటప్పుడు ఫస్ట్ గేర్, క్లచ్ వెంట్రుకంత వెంట్రుకంత ఇడవాలె, పిన్నుల దగ్గర ఉన్న కొంచెం సందు టక్కుమని పూడినంక అప్పుడు యాక్సిలేటర్. కదిలినంక వంద గజాలు పోయి ఎనకోడు మెల్లగ బ్రేకు తొక్కి చూడాలె పడుతుందా లేదా అని. కిలోమీటర్ పోయినంక ఆపి దిగుండ్రి, పిన్నులు తడమండ్రి, నాలుగు చక్రాలకు అరచెయ్యి తాకియ్యకుండ దగ్గరికి తీసుకపోయి చూడుండ్రి, ఒక్క చక్రం కాడ వేడి కొడుతుందంటే హ్యాండ్ బ్రేక్ పట్టుకొని ఉంది. ఆ తర్వాత పది కిలోమీటర్లకొకసారి.

స్పీడు 20 దగ్గరనే. ఖాళీ రోడ్డు చూస్తే కాలు ఊకోదు, తెలుసు, కానీ 20 బదులు 40 పోతే ఆపనీకి రెండింతలు కాదు నాలుగింతల పని పడుతది, అది కూడ ఇంకో బండి బరువు మీదేసుకొని. దిగుడుల అసలు కథ ఉంటది. తాడు ఉంటే సల్లబడి కిందికి పోతది, రాడ్ ఉంటే ఆ బాధ లేదు గానీ ఇంకో బాధ, ముంగటోడు ఒక్కడే బ్రేకేస్తే ఎనక కారు బరువు మొత్తం రాడ్ మీది నుంచి ముంగటి బండి తోకని తోస్తది, సీదా రోడ్డుల తోస్తే పర్వాలేదు, మలుపుల తోస్తే ముంగటి బండి తోక పక్కకు జరుగుతది, వానపడి రోడ్డు జారుతుంటే మొత్తానికే తిరుగుతది. అందుకే దిగుడు మొదలుగాకముందే ముంగటోడు సెకండ్ గేర్‌కి రావాలె, ఎనకోడు ముందుగాల బ్రేకు పట్టాలె, రాడ్ ఎప్పుడూ గుంజుకొనే ఉండాలె, తోసుడు ఉండొద్దు. బాయిల బొక్కెన దించేటప్పుడు చేదతాడు పట్టుకున్నట్టే, ఇడుస్తనే పట్టాలె.

మలుపులల్ల ముంగటోడు జర వెడల్పుగ తీసుకొని తిప్పాలె, ఎనకోడు ముంగటి బండి చక్రాలు పోయిన జాడలనే పోవాలె. స్పీడ్ బ్రేకర్ దాటంగనే ముంగటోనికి అయిపోయింది అనిపించి రేస్ ఇస్తడు, ఎనకోడు ఇంకా దాని మీద ఉంటడు. ఓవర్‌టేక్ వద్దే వద్దు, ఇసుక లారీలు ఎనక హారన్ కొడుతుంటయి, పక్కకు ఆగి పోనియ్యుండ్రి. కోతల టైంల ఊర్ల రోడ్లమీద సగం దాకా వడ్లు ఆరబోసి సుట్టు రాళ్ళు పెడుతరు, పత్తి టైంల ఎనుమాముల మార్కెట్ పోయే ట్రాక్టర్లు, ఇవన్నీ చూసుకొని తోవ ముందే అనుకోండ్రి. రాత్రి గుంజొద్దు. చీకటి పడేలోపల గ్యారేజి చేరలేం అంటే ఏ పెట్రోల్ బంకులనో అడిగి పెట్టి తెల్లారి రాండ్రి.

రివర్స్ మాత్రం అస్సలు చెయ్యొద్దు. అమెరికాల అంతంత బార్లు పెట్టుకున్నోళ్ళు కూడ ఎనక కారు కట్టి ఉండంగ రివర్స్ పోరు, బావ చెప్పిండు ఒకసారి పెట్రోల్ బంకుల ఇరుక్కుంటే కారు ఇప్పి పక్కకు తీసి మోటర్‌హోం తిప్పుకున్నరట. ఎనక్కి తోస్తే కారు ముంగటి చక్రాలు అడ్డం తిరుగుతయి, రాడ్ వంగుతది లేకపోతె బంపర్ పోతది. తోవ తప్పిండ్రా, ఇప్పుండ్రి, తోసుకొని తిప్పుండ్రి, మళ్ళ కట్టుండ్రి. పది నిమిషాల పని.

తాడు తప్ప ఏం దొరకలేదంటే, ఉన్నకాడ ఉన్నట్టు, ఎనకోడు బ్రేకుని సన్నగ పట్టుకుంట తాడు ఎప్పుడూ బిగుసుకొని ఉండేటట్టు చూసుకోవాలె, తాడు మధ్యల ఎర్ర బట్ట కట్టాలె అడ్డంగ బైకోడు రాకుండ, దుప్పటి లేకపోతె తడి తువ్వాల ఒకటి తాడు మీద వేస్తే తెగినా కొరడా లెక్క లేవదు. తాడు పక్కపొంటి మనిషి నిలబడొద్దు. పక్క గల్లీ దాకా అయితే సరే, హైవే మీద తాడుకు నా ఓటు పడదు.

షెడ్డుకి చేరినంక రాడ్ ఇప్పేకాడనే మనోళ్ళు తొందరపడుతరు. ముందు ఎనక కారుకి హ్యాండ్ బ్రేక్, చక్రం కింద చెక్క, రెండు ఇంజన్లు బందు, అప్పుడు పిన్ను. పిన్ను రాకపోతే సుత్తెతోని కొట్టకుండ్రి, రాడ్ మీద బరువుంది అన్నట్టు, కారుని చేతితోని ఇంతంత ముందుకు తోస్తే అదే వస్తది. దార్ల ఆగినప్పుడు చక్రాలకింద రాళ్ళు పెట్టి ఉంటరు కదా, అవి రోడ్డు మీదనే ఇడిసి పోకుండ్రి, రాత్రి బైకు మీద వచ్చేటోనికి ఆ రాయి కనబడదు, లారీలోళ్ళు చేసే పనే ఇది, మనం కూడ చేస్తే ఎట్లా.

గల్లీ ఆయన తెల్లారి రాడ్ తెచ్చిచ్చిండు, కారు గ్యారేజికి చేరిందట, ఇరవై స్పీడుల పోతుంటే సైకిలోడు దాటిపోయిండని నవ్విండు. సంచి ఇప్పి లెక్కపెట్టిన, రాడ్ ఉంది, షాకిళ్ళు రెండు ఉన్నయి, క్లిప్పులు ఆరు ఇస్తే అయిదే వచ్చినయి.